రెబెకాకు పదికి పది

సుబ్బరత్నమ్మ మేడంకు ఈ లోకంలో ఇద్దరంటే పడదు. గైడు అచ్చువేసేవాడొకడు, ఆ గైడు చూసి రాసిన జవాబుకు మార్కులు వేసే పంతులు ఇంకొకడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఏ స్కూలుకు బదిలీ అయి వెళ్లినా ఆమె మొదటి రోజు చేసే పని ఒక్కటే. తొమ్మిదో తరగతిలోకి పోయి, పిల్లల సంచుల్లోని తెలుగు గైడ్లన్నీ బల్ల మీద పెట్టించి, తన బీరువాలో వేసి తాళం బిగించేది. ఫలితాలు ఏమైపోతాయమ్మా అని హెడ్మాస్టర్లు బతిమాలేవాళ్లు. ఆమె వినేది కాదు. వినే మనిషే అయితే ఈపాటికి ఏదో టౌన్లో సుఖంగా ఉండేది. కదిరికి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల, రోజుకు మూడే బస్సులు వచ్చే ఈ హైస్కూలుకు జూన్లో ఎందుకు వచ్చిపడుతుంది?

గైడు పోతే మరి పిల్లలేం రాయాలి? అందుకే ఆమె "సొంతరాత" అని ఒక పద్ధతి పెట్టింది. ఒక్కొక్కరికి విడిగా ఒక నోటుబుక్కు. పదిహేను రోజులకొక విషయం ఇస్తుంది. పాఠంలోది కాదు, ఇంట్లోదో వీధిలోదో చేనులోదో. ఒత్తు తప్పులకూ దీర్ఘాల తప్పులకూ మార్కులు కోయదు. పదికి వేస్తుంది గానీ ఏడు దాటదు. కింద ఎర్ర సిరాతో ఒక మాట రాస్తుంది.

"మీ మనసు కదిలి రాస్తే నా మనసు కదులుతుంది. నా మనసు కదిలితేనే మార్కు కదులుతుంది" అని చెప్పేది పిల్లలకు. ఈ మాటంటే ఆమెకు మహా ఇష్టం. టీచర్ల ట్రైనింగుల్లో కూడా అనేది, అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు. పిల్లలు చప్పట్లు కొట్టలేదు గానీ శ్రద్ధగా విన్నారు. ఎంత శ్రద్ధగా విన్నారో ఆమెకు డిసెంబరు దాకా తెలియలేదు.

నవంబరులో ఇచ్చిన విషయం "నేను మరిచిపోలేని రోజు". నలభై ఒక్క నోటుబుక్కులు కదిరిలో తన ఇంటికి మోసుకుపోయి, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని దిద్దడానికి కూర్చుంది. ముప్పై దాటాక రెబెకా పుస్తకం చేతికొచ్చింది. రెబెకా మూడో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్ల. అడిగితే తప్ప నోరు విప్పదు. చెనక్కాయ పంట ఎండిపోయాక వాళ్ల నాయన యేసన్న బెంగుళూరుకు కట్టడం పనులకు పోయాడనీ, పిల్ల అవ్వ దగ్గర ఉంటుందనీ విన్నది. తల్లి సంగతి ఆమె ఎప్పుడూ అడగలేదు.

రెబెకా ఇట్లా రాసింది:

"అప్పుడు నేను ఏడో తరగతి. పొద్దున మా అమ్మ బెంగుళూరు నుంచి ఫోను చేసి, హోంవర్కు చేసినావా అని అడిగింది. చేసినా అని చెప్పినా. చేయలేదు. మధ్యాహ్నం మేస్త్రీ ఫోను చేసినాడు. నాలుగో అంతస్తులో కాలు పెట్టిన కట్టె విరిగి మా అమ్మ పడిపోయిందంట. మా అమ్మతో నేను ఆఖరుగా మాట్లాడింది అబద్ధం. ఇప్పుడు నేను రోజూ హోంవర్కు చేస్తాను. అడిగేవాళ్లు లేరు."

సుబ్బరత్నమ్మ పెన్ను కింద పెట్టేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది, మళ్లీ తుడుచుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరికీ వేయని మార్కు ఆ పేజీ కింద వేసింది. పదికి పది. పక్కన "తల్లీ, ఇదీ రాయడమంటే" అని రాసింది. ఆ సాయంత్రం కడుపు నిండిపోయినట్టుండి ఆమె భోజనం కూడా మానేసింది.

మరుసటి రోజు తరగతిలో ఆ పేజీ పైకి చదివింది. "అడిగేవాళ్లు లేరు" దగ్గర గొంతు పూడుకుపోయింది. తలెత్తి చూస్తే క్లాసు క్లాసంతా తలలు వంచుకుని ఉంది. ఆఖరి బెంచీలో సందీప్ అనే పోకిరి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఎంత మొండివాడిలోనూ ఒక మెత్తటి చోటు ఉంటుంది కదా అనుకుని మేడం మురిసిపోయింది. పాపం, వాడు నవ్వు ఆపుకోలేక చస్తున్నాడని ఆమెకెట్లా తెలుస్తుంది?

ఆ ఏడాది జిల్లాలో కొందరు తెలుగు టీచర్లు కలిసి పిల్లల రచనలతో ఒక పుస్తకం వేస్తున్నారు. సుబ్బరత్నమ్మ రెబెకా రచన పంపింది. పుస్తకం పని చూసే కిరణ్ అనే కుర్ర టీచరు చదివి వెంటనే ఫోన్ చేశాడు.

"మేడం, ఇదే మొదటి పేజీ. నేనైతే ఏడ్చేసినా. ఆ తల్లి ఫోటో ఒకటి దొరికితే పైన వేద్దాం."

అంతే, ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. శనివారం మధ్యాహ్నం స్కూలు వదలగానే రిజిస్టరులో తల్లి పేరు చూసుకుని బయలుదేరింది. మహేశ్వరి. లెక్కల మాస్టరు ఆదెన్నది కూడా రెబెకా వాళ్ల ఊరే. గేటు దగ్గర ఎదురై, చేతిలో సుద్దముక్క నలుపుతూ నిలబడ్డాడు.

"ఈ ఎండలో ఎందుకు మేడం? పరీక్షలైనాక పోదురు లే."

"పుస్తకం ఆగుతుందా నాకోసం?"

"అది గాదు మేడం..." అని ఆయన ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే గేటు దాటింది.

రెబెకా వాళ్ల ఇంటిముందు కాగితం నక్షత్రం వేలాడుతోంది. క్రిస్మస్ వారం రోజుల్లోకి వచ్చింది. ఒకావిడ స్టూలెక్కి గోడకు సున్నం కొడుతోంది. చేతులకు, ముక్కు మీద, జుట్టులో అంతా సున్నమే. మేడంను చూసి గబుక్కున దిగింది.

"రాండి మేడం, రాండి. కూకోండి. పాప నీళ్లకు పోయిండాది, వచ్చేస్తాది."

సుబ్బరత్నమ్మ మంచం మీద కూర్చుని, చావు ఇంట్లో మాట్లాడాల్సిన గొంతు తెచ్చుకుంది.

"నువ్వు రెబెకాకు పిన్నమ్మవేమో. అమ్మా, మహేశ్వరి ఫోటో ఏదైనా ఉంటే ఇస్తావా? మొహం బాగా కనపడేది."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ నవ్వింది. "నా ఫోటో మీకెందుకు మేడం?"

మేడంకు అర్థం కాలేదు. అదే పేరుతో ఇంకో మనిషేమో అనుకుంది. యేసన్న రెండో పెళ్లి చేసుకున్నాడేమో, ఆవిడ పేరు కూడా మహేశ్వరేమో అని కూడా అనుకుంది. ఇష్టం లేని నిజం ఎదురైతే మనసు ఎన్ని సందుల్లో దూరుతుందో చెప్పలేం.

"రెబెకా వాళ్లమ్మ..."

"నేనే గదా మేడం. నిన్ననే వస్తిమి బెంగుళూరు నుంచి, క్రిస్మస్‌కని. ఏం, పాప ఏమన్నా సేసినాదా?"

"ఏం లేదు. పుస్తకంలో... రెబెకా రాసింది పుస్తకంలో వేస్తున్నారు. దానికి" అని నసిగి, ఇచ్చిన నీళ్లు గటగటా తాగేసి, సుబ్బరత్నమ్మ బస్సు టైము కాకపోయినా రోడ్డెక్కేసింది. వెనకనుంచి "పుస్తకంలో నా ఫోటోనా!" అని మహేశ్వరి గట్టిగా నవ్వడం వినిపించింది.

చచ్చిపోయిందనుకున్న మనిషి బతికుందని తెలిస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, సుబ్బరత్నమ్మకు ఒళ్లు మండింది. తన కన్నీళ్లు గుర్తొచ్చాయి. ఆ ఆదివారం మానేసిన భోజనం గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో ఇంత నిలువునా మోసపోయానా అని దారి పొడుగునా తనలో తానే పళ్లు నూరుకుంది. కన్నతల్లిని నోటుబుక్కులో చంపే పిల్ల రేపు ఏం చేయదు? ఆ పిల్లనే కదా తను తల్లీ అని పిలిచింది!

సోమవారం స్టాఫ్‌రూములో ఆదెన్నను నిలదీసింది. "మీకు తెలుసా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "తెల్సు మేడం. మహేశ్వరి మా ఊరి కోడలే గదా."

"మరి నెల నుంచీ నోరెత్తలేదేం?"

"చెప్పాలనే వస్తి. మీరు స్టాఫ్‌రూములో ఆ పేజీ అందరికీ సదివి ఏడుస్తాంటిరి. ఏడ్చే మనిషికి అదంతా అబద్ధమని యట్ల చెప్పేది? ఆ మర్నాడు చెప్దామంటే మీరు నవ్వుతాంటిరి. అప్పుడు మరీ కష్టమాయె."

ఇంకొక కత్తి దిగినట్టయింది ఆమెకు. గంట కొట్టగానే తొమ్మిదో తరగతికి పోయింది. కూర్చోమని కూడా అనలేదు.

"రెబెకా వాళ్లమ్మ బతికే ఉందని మీలో ఎవరెవరికి తెలుసు?"

రెబెకా గోడకేసి చూస్తోంది. చివరికి సందీపే లేచాడు. వాడికి దాపరికం చేతకాదు.

"అందరికీ తెలుసు మేడం."

"అందరికీ తెలిసి, నేను ఇక్కడ నిలబడి ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"ఆయమ్మి గుట్టు చెప్తే మా గుట్టు కూడా బయటపడుతుందని, మేడం."

"మీ గుట్టేంది?"

సందీప్ బుర్ర గోక్కున్నాడు. "మా తాత సావలేదు మేడం. నిన్న కూడా కోడికూర తిన్న్యాడు."

దాంతో కట్ట తెగింది. మా బోరు ఎండలేదు మేడం, అని ఒకమ్మాయి. మాకసలు ఎద్దులే ల్యావు మేడం, సచ్చిపోయేదానికి, అని ఇంకొకడు. కరువుకు మా చిన్నాయన ఊరిడిసి పోలేదు మేడం, కదిరిలో సెల్లుల అంగడి పెట్టుకున్న్యాడు. సుబ్బరత్నమ్మ వింటూ నిలబడింది. జూన్ నుంచి తను ఎర్ర సిరాతో "అయ్యో నాయనా" అనీ "ధైర్యంగా ఉండు" అనీ రాసిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్లముందు తిరిగాయి. ఆ ధైర్యవచనాలన్నీ వీళ్లు మధ్యాహ్న భోజనం దగ్గర ఒకరికొకరు చదివి వినిపించుకుని ఉంటారు.

"ఎందుకురా? నేను మీకేం ద్రోహం చేసినానని?"

"మీరు మనసు కదిలించమంటిరి గదా మేడం" అన్నాడు సందీప్. వాడి మాటలో వెక్కిరింత ఏమీ లేదు. చెప్పిన పని చేసినవాడి గొంతు అది.

ఆమె పుస్తకాలు చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసింది. వరండా చివర రెబెకా పరిగెత్తుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడింది. మొదటిసారి ఆ పిల్ల తనంతట తాను నోరు విప్పింది.

"మేడం, కావాలంటే సున్నా ఏయండి. కొట్టండి. పుస్తకంలోంచి తీసేయండి. మా అమ్మకు మాత్రం చెప్పొద్దండి మేడం."

"రాసేటప్పుడు ఆ బుద్ధి ఏమైంది?"

"మా అమ్మకు సదువు రాదు మేడం. ఎవురన్నా చెప్తే తప్ప తెలీదు. నేను అట్ల రాసినానని తెలిస్తే..." అని ఆపేసి, ఆ పిల్ల చున్నీ అంచు నోట్లో కుక్కుకుంది. ఈసారి ఏడుపు నిజమైనదే. నిజమో కాదో తేల్చుకోడానికి సుబ్బరత్నమ్మ ఒక్క క్షణం ఆగి చూసిన మాట కూడా నిజం.

"చెప్పనులే, పో" అంది చివరికి.

ఆ మాట మీద ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

సోమవారం సాయంత్రం కిరణ్‌కు ఫోన్ చేసి, రెబెకా రచన తీసేయమంది. ఎందుకు మేడం అంటే చెప్పక తప్పలేదు. అవతల కిరణ్ అంతా విన్నాడు. తర్వాత, "మేడం, మిగతా టీచర్లకు ఏం చెప్పమంటారు? మీ సొంతరాత మీదే గదా మనం ముందుమాట రాసుకుంటిమి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నా, ఆ గొంతు వెనక నవ్వు ఉందని ఆమెకు అనిపించింది. ఉందో లేదో మనకు తెలియదు. రాత్రంతా ఆ నవ్వే ఆమె చెవుల్లో మోగింది.

మంగళవారం మధ్యాహ్నం, అన్నాల వేళ, మహేశ్వరి స్టాఫ్‌రూము గుమ్మంలో ప్రత్యక్షమైంది. పండగకు దాచుకున్న కొత్త చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. చేతిలో స్టూడియో వాళ్లిచ్చే తెల్ల కవరు.

"ఇంట్లో మంచి ఫోటో యాడా ల్యాకపోయె మేడం. నిన్న కదిరికి పోయి దిగినా. నవ్వొద్దు నవ్వొద్దు అంటాడు ఆయప్ప, నవ్వొస్తాండ్య నాకు. చూడండి, బాగా పడినానా?"

ఫోటోలో మహేశ్వరి నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉంది. వెనక నీలం తెర.

ఒక్క చిన్న అబద్ధం చాలు. పుస్తకం ఆగిపోయిందమ్మా అంటే సరిపోయేది, మహేశ్వరి ఫోటో తీసుకుపోయి ఇంట్లో గోడకు తగిలించుకునేది. సుబ్బరత్నమ్మకు ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న ఆ మొహంలోని సంతోషం చూస్తే ఆమెకు సహించలేదు. మోసపోయినదాన్ని నేనైతే, ఈవిడకు ఈ సంబరమేమిటి? ఈ పిల్లను కన్న మనిషికి ఆ పిల్ల ఎట్లాంటిదో తెలియొద్దా?

"నీ కూతురు ఏం రాసిందో తెలుసా?" అంది. "నువ్వు చచ్చిపోయావని రాసింది. అందుకే అడిగినాను ఫోటో."

మహేశ్వరి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియనట్టు. ఆదెన్న మాస్టరు ముద్ద నోటికి తీసుకుపోతూ ఆపేశాడు. మేడం ఒక పిల్లను పంపి రెబెకాను నోటుబుక్కుతో సహా పిలిపించింది. గుమ్మంలో తల్లిని చూడగానే రెబెకాకు అంతా అర్థమైంది. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సదవండి మేడం, ఏం రాసినాదో" అంది మహేశ్వరి.

సుబ్బరత్నమ్మ చదివింది. తరగతిలో ఆమె గొంతు పూడిన చోట ఇప్పుడు కూడా పూడింది, వేరే కారణానికి. చచ్చిపోయిన మనిషి ఎదురుగా నిలబడి తల ఊపుతూ వింటోంది. హోంవర్కు మాట వచ్చినప్పుడు మహేశ్వరి, "అది మాత్రం నిజమే మేడం. రోజూ అడుగుతా" అంది చిన్నగా.

"యట్ల రాయబుద్దాయ నీకు?" అంది చివరికి కూతురితో. "నేను ఆ కట్టెల మీద రోజూ ఎక్కి దిగుతాండా గదమ్మా. యాడ పడిపోతానో అని నాకే బయ్యం."

రెబెకా బల్ల మీది నోటుబుక్కు తీసి వెనక్కి వెనక్కి తిప్పి, జులై నెల పేజీ దగ్గర ఆపి మేడం ముందు పెట్టింది.

"ముందు బతికుండేదే రాస్తి" అంది.

పైన "మా అమ్మ" అని ఉంది. సుబ్బరత్నమ్మకు ఆ పేజీ చదివిన గుర్తే లేదు. కింద ఎర్ర సిరా మాత్రం తనదే.

"దాన్నీ సదవండి మేడం" అంది మహేశ్వరి.

"మా అమ్మ పేరు మహేశ్వరి. మా అమ్మ చర్చిలో పాట పాడితే ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. అప్పుడు మా అమ్మ ఇంకా గట్టిగా పాడుతుంది. మా అమ్మ బెల్లం తినేసి చీమలు తినేసినాయని చెబుతుంది. చీమలకు అంత పెద్ద కడుపు ఉండదని మా నాయన అంటాడు. మా అమ్మ బెంగుళూరులో సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కుతుంది. ఇంట్లో బల్లి కనబడితే మంచం ఎక్కి మా నాయనను పిలుస్తుంది. మా అమ్మ ఫోను పెట్టేటప్పుడు పెట్టేస్తాండా అని మూడుసార్లు చెబుతుంది. పెట్టదు."

బల్లి దగ్గర మహేశ్వరి ఉండబట్టలేక కిసుక్కుమంది. ఆదెన్న కూడా నవ్వాడు. సుబ్బరత్నమ్మ చివరి వాక్యం దాకా చదివి ఆగింది. ఈ పేజీలో మనిషి నడుస్తోంది, తింటోంది, పాడుతోంది, దబాయిస్తోంది. ఇంతకంటే బాగా ఆమె చదువు చెప్పిన ఏ పిల్లా ఎప్పుడూ రాయలేదు. ఇది నిజంగా చదివి ఉంటే, రెండేళ్ల కిందట చచ్చిపోయిన తల్లి జులైలో బెల్లం ఎట్లా తిన్నదని నవంబరులోనే అడిగి ఉండేది.

"కింద ఏమో ఎర్రగా ఉండాది. అదేంది మేడం?"

"వివరాలున్నాయి. మనసు లేదు" అని చదివింది సుబ్బరత్నమ్మ. తన గొంతు తనకే వినపడలేదు.

"ఎన్ని ఏసినారు దీనికి?"

"నాలుగు."

"సచ్చిపోయినదానికో?"

"పది."

మహేశ్వరి రెండు పేజీలనూ, చదవలేకపోయినా, కాసేపు చూసింది.

"ఇంగ నన్ను సంపక ఏం సేస్తాది మేడం, పాప?" అంది.

కోపంగా అనలేదు. ఫోటో తీసుకుని కవరులో పెట్టుకుంది. మేడంకు నమస్కారం పెట్టింది, ఆదెన్నకు పెట్టింది. కూతురి వైపు మాత్రం చూడలేదు. మేడం ముందు కూతురి పక్షాన మాట్లాడింది గానీ, ఆ పిల్ల మొహం చూడటం ఇంకా ఆమె వల్ల కాలేదు. కొత్త చీర చెంగు భుజం మీదికి లాక్కుని ఎండలో ఆటస్థలం దాటిపోయింది. రెబెకా కిటికీ పక్కన నిలబడి, గేటు దాకా చూసింది. తల్లి వెనక్కి తిరుగుతుందేమోనని చూసింది. తిరగలేదు.

అప్పుడు ఆ పిల్ల మేడం వైపు తిరిగింది.

"చెప్పనంటిరి గదా మేడం" అంది. నోటుబుక్కు బల్ల మీదే వదిలేసి తరగతికి వెళ్లిపోయింది.